గీత మీద గుమ్మడికాయ

"ఏమోనే, నాకెందుకో ఈ వంతెన వాలకం బాగాలేదు," అంది మంగాయమ్మ.

అప్పటికి వంతెన మీద ఏమీ జరగలేదు. పొద్దున్న తొమ్మిదిన్నరయింది. ఎండ చురుక్కుమనడం లేదు, గాలి పెద్దగా లేదు, కింద ఏరు తన దారిన తాను పోతోంది. కొత్త వ్యాను వెనక తమ నర్సరీలో పెంచిన బంతి నారు, మందార అంట్లు, నిమ్మ మొక్కలు తడితడిగా బుద్ధిగా నిలబడి ఉన్నాయి. స్టీరింగు దగ్గర కూచున్న నూకరత్నం అద్దంలో ఒకసారి తల్లి మొహం చూసి, ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది.

"ఏం కాదమ్మా."

మాటలు వచ్చిన దగ్గర్నుంచి ఆ పిల్ల ఆ మాట అంటూనే ఉంది. ఇప్పుడు దానికి ఇరవయ్యారేళ్ళు. ఆ మాటని మంగాయమ్మ ఒక్కనాడూ నమ్మలేదు. అలాగని అది వినకుండా ఒక పూట గడిపిందీ లేదు. ఆవిడ పడ్డ భయాల్లో నూటికి తొంభైతొమ్మిది జరగలేదు. దాంతో ధైర్యం రావాలి కదా, రాలేదు. ఆ జరగనివన్నీ ఎక్కడో పోగుపడి ఉన్నాయనీ, ఏదో ఒకరోజు గంపగుత్తగా వచ్చి మీద పడతాయనీ నూరో భయం పట్టుకుంది.

వంతెనకి ఇటు పక్క తూర్పుగట్టు దేశం, అంటే వీళ్ళది. అటు పక్క పడమటిగట్టు దేశం. ఈ రెండూ కాక ఇంకో ఏడు దేశాలు కలిసి సమితి అని ఒకటి పెట్టుకున్నాయి. సమితికి జెండా ఉంది, కోర్టు ఉంది, శిక్షాస్మృతి ఉంది. ఊరంటూ లేకపోతే బాగుండదని పడమటిగట్టులో ఆఫీసు కట్టుకుంది. ఆ వారమే వంతెన తెరిచి, ఇక ఎవరూ ఎవరినీ ఆపరు, ఎవరి సరుకు వాళ్ళు హాయిగా అటూ ఇటూ తోలుకోవచ్చని చాటింపు వేయించింది. వంతెన నడిమధ్యన బెత్తెడు వెడల్పున తెల్లరంగుతో గీత గీశారు. అదే సరిహద్దు.

కొత్త బండి మొదటిసారి పరదేశం పోతోందంటే దిష్టి తియ్యకుండా పంపే తల్లి ఉండదు. ఊళ్ళోవాళ్ళ దిష్టి ఇంటి ముందే తీసేయవచ్చు. కానీ రెండు దేశాల కళ్ళు పడే బండికి ఇంటి ముందు తీస్తే సగం దిష్టి మిగిలిపోదా? రెండు దేశాలూ కలిసేచోటే తియ్యాలి. ఇది మంగాయమ్మ వాదన. ఇందులో తప్పు పట్టడానికి తర్వాత ఎంతోమంది పెద్దలు ప్రయత్నించారు గానీ ఎవరివల్లా కాలేదు.

ఆవిడ వ్యాను దిగి, బూడిద గుమ్మడికాయకి చిల్లు పెట్టి కుంకుమ పోసి, మీద కర్పూరం వెలిగించి, బండి చుట్టూ మూడుసార్లు ఇటు, మూడుసార్లు అటు తిప్పింది. సరిగ్గా గీత మీద ఎత్తి కొట్టింది. కాయ రెండు చెక్కలైంది. ఒక చెక్క తూర్పుగట్టులోనూ ఒకటి పడమటిగట్టులోనూ పడి, రెండు దేశాలూ ఎర్రగా అయ్యాయి.

సరిగ్గా అప్పుడే అవతలి నుంచి సమితి మహాసంచాలకుల వారి కారు వచ్చింది. నిరాటంక రాకపోకల వారోత్సవాన్ని ప్రారంభించడానికి ఆయన వస్తున్నారు. ముందొక జీపు, వెనక మూడు కార్లు, ఆ వెనక బ్యాండు మేళం. కారు గీత దగ్గరికి వచ్చి ఆగిపోయింది. పోనివ్వమని మహాసంచాలకులు అన్నారు. డ్రైవరు కిందికి చూసి, "పచ్చి దిష్టండి. నేను తొక్కించనండి. నాకూ పిల్లలున్నారు," అన్నాడు.

ఆయన జీపు డ్రైవర్ని పిలిచారు. వాడికీ పిల్లలున్నారు. బ్యాండువాళ్ళలో ఒకడికి పెళ్ళి కాలేదు గానీ వచ్చే నెలలో ముహూర్తం ఉంది. ఆ చెక్కలు తీసి ఏట్లో పారెయ్యమని రెండు దేశాల పోలీసులకీ హుకుం అయింది. పోలీసులు ఒకరి మొహం ఒకరు చూసుకుని, అది పక్క దేశం పరిధిలోకి వస్తుందని రెండు వైపుల నుంచీ మనవి చేసుకున్నారు. నలభై అయిదు నిమిషాల తర్వాత తూర్పుగట్టు నుంచి ఒక మేక వచ్చి, ఏ కాగితమూ చూపించకుండా గీత దాటి, రెండు చెక్కలూ తినేసి వెళ్ళిపోయింది. వారోత్సవంలో నిరాటంకంగా వంతెన దాటిన మొదటి ప్రాణి అదే.

మూడోరోజు అప్పగింత పత్రం వచ్చింది.

సమితి అప్పగింత పత్రంలో ముప్పై రెండు గడులుంటాయి. విమానాల అపహరణ, దొంగనోట్లు, మనుషుల అక్రమ రవాణా, ఇలా ముప్పై రెండు ఘోరాలు. దేనికో ఒకదానికి టిక్కు పెడితే చాలు, మనిషిని ఏ దేశమైనా పదిరోజుల్లో అప్పగించి తీరాలి. గుమ్మడికాయకి గడి లేదు. ఇతరములు అనే గడి మొదట్లో ఉండేదట. అది అనుమానాలకి తావిస్తుందని పెద్దలు ఏడేళ్ళు చర్చించి ఎత్తేశారు. సమితి గుమాస్తా పాపం మంచివాడు, సాయంత్రం దాకా ఆలోచించాడు. ఏదో పగిలింది కాబట్టి 'విధ్వంసం' అన్న గడిలో టిక్కు పెట్టాడు. ముద్దాయి పేరు రాసేచోట పత్రం వాహనం నంబరు అడిగింది. వాహనం నూకరత్నం పేరున ఉంది.

విధ్వంసానికి తక్కువలో తక్కువ పన్నెండేళ్ళు. అదీ సమితి కేంద్ర కారాగారంలో. అది నాలుగు దేశాల అవతల, మంచు పడేచోట ఉంది. మంగాయమ్మకి ముందు మంచు సంగతే భయం వేసింది. పిల్లకి చలి పడదు.

ఆవిడ తహశీలు కచేరీకి పరిగెత్తి, కాయ కొట్టింది నేనండి, అమ్మాయి బండి దిగనైనా దిగలేదండి, కావాలంటే నన్ను పంపండి, స్వెట్టర్ వేసుకుని వెళతానండి అని మొరపెట్టుకుంది. అక్కడి అధికారి సౌమ్యంగా విని, పత్రంలో తల్లి అనే గడి లేదని చెప్పాడు. అసలేం జరిగిందో ఎవరినైనా అడిగి తెలుసుకోవచ్చు కదా అని ఆవిడ అడిగింది.

"అమ్మా, తొమ్మిది దేశాల మధ్యా పరస్పర విశ్వాస సూత్రం అమలులో ఉన్నది," అన్నాడాయన. "ఒకరి కాగితాన్ని మరొకరు ప్రశ్నించకుండా విశ్వసించవలెను. జరిగినదేమిటని విచారించుట అపనమ్మకమును సూచించును."

"నిజం కాకపోయినా నమ్మాలాండీ?"

"నిజమైతే నమ్మకంతో పనేముంది?" అన్నాడాయన.

ఆ కచేరీ మెట్ల మీదే ఆవిడకి వకీలు భానోజీరావు దొరికాడు. దొరికాడనడం కంటే ఎదురుచూస్తూ కూచున్నాడనడం సబబు. ముప్పై ఏళ్ళుగా గట్టు తగాదాలు, దొడ్డి తగాదాలు వాదిస్తూ, ఒక్కటంటే ఒక్క రాజ్యాంగ వ్యాజ్యం దొరికితే జన్మ తరిస్తుందని కాచుకుని ఉన్న మనిషి. మంగాయమ్మ కథంతా కళ్ళు మూసుకుని విని, కళ్ళు తెరిచేసరికి అవి చెమ్మగిల్లి ఉన్నాయి. ఇంత అందమైన కేసు తన తండ్రి కూడా చూడలేదన్నాడు. ఆవిడ ఆ మాటకి హడలిపోయింది. డాక్టరైనా వకీలైనా సంబరపడ్డాడంటే రోగం ముదిరిందని అర్థం.

భానోజీరావు రాజ్యాంగ ధర్మాసనం ముందు దావా వేశాడు. ధర్మాసనం నాలుగువందల పన్నెండు పేజీల తీర్పు ఇచ్చింది. అందులో గుమ్మడికాయ ఒక్కచోటే, అదీ అడుగున చిన్న అక్షరాల్లో వచ్చింది. మిగతాదంతా రాజ్యాంగమే. సమస్త చట్టాలకూ రాజ్యాంగమే తల్లి, తల్లి లేనిదే బిడ్డ లేదు అన్న వాక్యం భానోజీరావు చదివి వినిపిస్తే మంగాయమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, నా గురించి ఎంత బాగా రాశారండీ అంది. మీ గురించి కాదమ్మా అని ఆయన విసుక్కున్నాడు. చివరికి తేల్చిందేమిటంటే, సమితి చట్టం రాజ్యాంగానికి లోబడి ఉన్నదని తమకు నమ్మకం కుదిరేదాకా పౌరురాలిని దేశం దాటించరాదు.

వారం తిరక్కుండా సమితి పరమోన్నత న్యాయస్థానం ఎదురు తీర్పు ఇచ్చింది. సమితి చట్టం అన్ని దేశాల రాజ్యాంగాల కంటే మిన్న. అలా మిన్న కాదని చెప్పే రాజ్యాంగ నిబంధనల కంటే మరీ మిన్న. అయితే ప్రతి దేశపు ప్రత్యేకతనూ సమితి గౌరవిస్తుంది, ఆ ప్రత్యేకత సమితి చెప్పినట్టు వినడంలో ఉన్నంత వరకు. కనుక ముద్దాయిని ఆ దేశంలో క్షణం కూడా ఉంచరాదు.

రెండు కాగితాలూ ఒకే పొద్దున వచ్చి హెడ్డు కానిస్టేబులు అబ్బులు బల్ల మీద పడ్డాయి. రెండు తీర్పులూ ఒకేసారి అమలు చెయ్యాల్సిన మనిషి తొమ్మిది దేశాల్లో అతనొక్కడే. దేశం దాటించకూడదు, దేశంలో ఉంచకూడదు. టీ తాగాడు. ఇంకో టీ తాగాడు. తర్వాత స్టేషన్లోంచి ఒక కుర్చీ పట్టుకెళ్ళి వంతెన మధ్యన గీత మీద వేశాడు.

"కూచో తల్లీ," అన్నాడు నూకరత్నంతో. "నాకు తెలిసిన చోటు ఇదొక్కటే."

గీత బెత్తెడు. కుర్చీకి నాలుగు కాళ్ళు, పిల్లకి రెండు. ఎడమ పాదం స్వదేశంలోనూ కుడి పాదం విదేశంలోనూ పడుతున్నాయని భానోజీరావు అభ్యంతరం లేవదీశాడు. రెండు దేశాల సర్వేయర్లూ గొలుసులు పట్టుకొచ్చి వారం పాటు కొలిచి, అక్కడ గీతని ఆరడుగుల చదరంగా వెడల్పు చేశారు. తెల్లరంగు రెండు కోట్లు వేశారు. దానికి తటస్థ న్యాయ మండలం అని పేరు పెట్టారు. మొక్కల వ్యానుని సాక్ష్యం కింద జప్తు చేసి, ఆ పక్కనే తూర్పు ముఖంగా నిలబెట్టారు. సాక్ష్యం ఎండిపోకూడదు కాబట్టి రెండు దేశాలూ రోజూ చెరో బిందెడు నీళ్ళు పోసేవి.

ముద్దాయికి అన్నం పెట్టే బాధ్యత తమదని రాజ్యాంగం చెప్పింది. తమదని సమితి హక్కుల పత్రమూ చెప్పింది. ఒకరు పెట్టిన భోజనాన్ని ఇంకొకరు గుర్తించరు. అందుకని పిల్లకి పూటకి రెండు భోజనాలు వచ్చేవి. రెండూ తినాల్సిందే, ఒకటి వదిలేస్తే ఆ వైపు వాళ్ళు నిరాహారదీక్ష అని రాసుకునేవారు. మొదటి వారం పిల్ల చిక్కిపోతుందని భయపడ్డ మంగాయమ్మ, మూడో వారానికి దానికి సుగరొస్తుందని భయపడటం మొదలెట్టింది. వాన పడ్డరోజు రెండు దేశాలూ చెరో గొడుగు పట్టాయి. రెండు గొడుగుల అంచులూ కలిసేచోట నీళ్ళు ధారగా సరిగ్గా నూకరత్నం నడినెత్తి మీద పడ్డాయి. మర్నాడు ఇద్దరు డాక్టర్లు వచ్చి రెండు రకాల జలుబు రాసిపోయారు.

ఇవన్నీ మంగాయమ్మ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఒకటే. పిల్ల మాట్లాడటం లేదు.

మాట్లాడొద్దని భానోజీరావు చెప్పాడు. పడమటి వైపు నుంచి సమితి వారు నియమించిన వకీలు త్రిపురాంబగారు కూడా అదే చెప్పింది. వాళ్ళిద్దరికీ కుదిరిన ఏకాభిప్రాయం ఇదొక్కటే. పడమటి కానిస్టేబులు వినగా మంచినీళ్ళు అన్నా సరే సమితి అధికారాన్ని ఒప్పుకున్నట్టు. తూర్పు కానిస్టేబులు వినగా అన్నా సరే రాజ్యాంగ ధర్మాసనాన్ని ఒప్పుకున్నట్టు. ఒక్క ముక్క జారితే పన్నెండేళ్ళు. ఎడమచేతి పక్కన ఒక కానిస్టేబులు, కుడిచేతి పక్కన ఒక కానిస్టేబులు కాగితాలు పట్టుకుని, ఎప్పుడు నోరు తెరుస్తుందా అని కూచునేవారు.

మంగాయమ్మ రోజూ చదరం అంచున చాప వేసుకుని కూచునేది. ఈ ఎండకి నీకు వడదెబ్బ తగులుతుందేమోనే అనేది. నూకరత్నం పెదవి కదిపేది, మళ్ళీ మూసేది. ఈ కుర్చీ కాలు లొడలొడలాడుతోంది, ఏట్లో పడతావేమోనే. కళ్ళతో నవ్వేది. అన్న భయం అన్నట్టే మంగాయమ్మ గుండెల్లో ఉండిపోయేది. ఇరవయ్యేళ్ళపైగా ఏ భయానికి ఆ భయం ఆ ఒక్క మాటతో కొట్టుకుపోతూ వచ్చింది. ఇప్పుడు తూము మూసేశారు. నెల తిరిగేసరికి మంగాయమ్మ చెరువులా నిండిపోయి, అబ్బులు దగ్గితే ఉలిక్కిపడే స్థితికొచ్చింది.

"పోనీ నేనంటానండి, ఏం కాదని," అన్నాడు అబ్బులు జాలిపడి.

"నువ్వంటే ఏదో అవుతుందనిపిస్తోంది నాయనా," అంది ఆవిడ.

ఈలోగా వంతెన ప్రసిద్ధికెక్కింది. లా కాలేజీల వాళ్ళు బస్సులు కట్టుకుని వచ్చి నూకరత్నాన్ని చూసి, చుట్టూ తిరిగి, రాసుకుని పోయేవారు. ఇలాంటి సంఘర్షణ తమ దేశానికి లేదేమని మిగతా ఏడు దేశాలూ చిన్నబోయాయి. అక్కడి వకీళ్ళు కక్షిదారులకి గుమ్మడికాయలిచ్చి సరిహద్దులకి తోలారు. కొందరు తొందరలో పుచ్చకాయలు కొట్టారు, అవి చెల్లలేదు. సరిహద్దుకి మూడు కిలోమీటర్ల లోపల గోళాకారపు కాయలేవీ ఉండరాదని సమితి గుండ్రటి ఫలాల నియంత్రణ ఉత్తర్వు జారీచేసింది. తిరుపతి గుండు చేయించుకొచ్చిన ఒక పెద్దాయన్ని చెక్‌పోస్టులో గంట సేపు ఆపారని చెప్పుకున్నారు. అది పుకారే కావచ్చు. గుమ్మడికాయ కలిగి ఉండటం పౌరుల మౌలిక హక్కంటూ రాజ్యాంగ ధర్మాసనం ఆ ఉత్తర్వుని వంతెన తూర్పు సగం మీద కొట్టేసింది. కాబట్టి గీత దాకా కాయ పట్టుకు రావచ్చు. అటు మాత్రం పెట్టకూడదు.

ఇదిలా ఉండగా పెద్దలకు ఒక మంచి ఆలోచన తట్టింది. న్యాయస్థానాలు పోట్లాడుకోవడమేమిటి, సంభాషించుకోవాలి. దీనికి న్యాయిక సంభాషణ అని పేరు కూడా దొరికింది. సమితి న్యాయస్థానం ఉత్తరం రాసింది: సంభాషణకు మేము సదా సంసిద్ధులము, తమరు ప్రారంభించవలసినది. ధర్మాసనం తిరుగు ఉత్తరం రాసింది: మేమునూ సంసిద్ధులమే, ప్రారంభించు గౌరవము తమదే. ఇలా తొమ్మిది ఉత్తరాలు నడిచాక, ఎదురుబదురు కూచుంటే మాటలు అవే వస్తాయని ఒక గురువారం పొద్దున్న పదిగంటలకి వంతెన మీదే షామియానా వేయించారు. ఇటు అయిదుగురు న్యాయమూర్తులు, అటు అయిదుగురు. నల్ల గౌన్లు, తెల్ల పట్టీలు. నడుమ చదరంలో కుర్చీ, కుర్చీలో నూకరత్నం.

పదయింది. ఎవరూ మాట్లాడలేదు.

ముందు నోరు విప్పినవాళ్ళు అడుగుతున్నవాళ్ళవుతారు. విన్నవాళ్ళు తీర్పరులవుతారు. ఆ తేడా ఇటువైపు అయిదుగురికీ తెలుసు, అటువైపు అయిదుగురికీ తెలుసు. నమస్కారం కూడా ముందు పెడితే చిన్నవాళ్ళయిపోతారని చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచున్నారు. స్టెనోలు నిమిషానికోసారి గడియారం చూసి 'మౌనం' అని రాసుకున్నారు. మొదటిరోజు నివేదిక పదకొండు పేజీలు వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం సమితి ప్రధాన న్యాయమూర్తి తుమ్మారు. అది ప్రారంభోపన్యాసమే అవుతుందని భానోజీరావు ఒక కాగితం మీద రాసి పంపాడు. తుమ్ము శరీరధర్మం గానీ న్యాయధర్మం కాదని త్రిపురాంబగారు ఇంకో కాగితం మీద జవాబు రాసింది. మంగాయమ్మ మాత్రం అలవాటుకొద్దీ "చిరంజీవ" అంది. ఆయన ఆవిడ వైపు చాలా కృతజ్ఞతగా చూశారు. ఏమీ అనలేదు.

శని, ఆదివారాలు సెలవు. సోమవారం మళ్ళీ మౌనం. ఆ రోజు కాగితం ద్వారా ఒక్క విషయం మాత్రం తేలింది. సంభాషణ ఈ వారంలోగా ఫలించకపోతే, ముద్దాయిని చెరో సగం కాలం ఉంచుకునే ఏర్పాటు చేసుకుంటారట. ఆరేళ్ళు అక్కడ, ఆరేళ్ళు ఇక్కడ. దీన్ని త్రిపురాంబగారు సమతుల్య పరిష్కారం అంది. భానోజీరావు సంతకం పెట్టడానికి కలం మూత తీశాడు.

మంగాయమ్మ ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అన్నం ముందు కూచుంది గానీ మెతుకు దిగలేదు. అంతంత చదువులు చదివిన పదిమంది నోరూ ఒక్కసారే పడిపోవడం ఏమిటి? ఎండ దెబ్బ కాదు, వాతం కాదు. రెండు దేశాల జనం గట్ల మీద నిలబడి రోజల్లా వాళ్ళనే చూస్తున్నారు. ఆ నల్లగౌన్లు, ఆ దర్జా. ఎంత కళ్ళు పడి ఉంటాయి వాళ్ళ మీద. ఆవిడకి అప్పుడు తట్టింది. పాపం, వాళ్ళకి ఎవరూ దిష్టి తీసినట్టు లేదు. మర్నాడు మంగళవారం, అమావాస్య కూడాను.

మంగళవారం పదకొండు గంటలకి, మౌనం బాగా ముదిరిన వేళ, మంగాయమ్మ చాప మీంచి లేచింది. బుట్టలోంచి బూడిద గుమ్మడికాయ తీసింది. తూర్పు సగంలో అది చట్టసమ్మతం కాబట్టి అబ్బులు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. మీద కర్పూరం వెలిగించి షామియానా మధ్యకి వచ్చింది.

ఆపాలంటే ఎవరో ఒకరు మాట్లాడాలి. ఇటు ప్రధాన న్యాయమూర్తి అటు ప్రధాన న్యాయమూర్తి వంక చూశారు. అటు ఆయన ఇటు ఆయన వంక చూశారు. ఇద్దరూ నోళ్ళు బిగించుకున్నారు.

ఆవిడ ముందు తూర్పు వాళ్ళకి తిప్పింది, తర్వాత తెల్ల చదరం మీదుగా నడిచి పడమటి వాళ్ళకి తిప్పింది. మూడుసార్లు ఇటు, మూడుసార్లు అటు. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఈ గట్టు దిష్టి, ఆ గట్టు దిష్టి, సమితి దిష్టి, తీర్పు రాసినవాళ్ళ దిష్టి, చదివినవాళ్ళ దిష్టి, అన్నీ పోవాలి అంటూ తిప్పింది. కాయ అటువైపు దాటిన మాట నిజమే, గుండ్రటి ఫలాల ఉత్తర్వు భంగమైన మాటా నిజమే. అయినా తమ మేలుకి జరుగుతున్నదాన్ని ఎవరు కాదంటారు? పడమటి వైపు చివర కూచున్న లావుపాటి న్యాయమూర్తి, తనకి కర్పూరం వేడి సరిగా తగల్లేదేమోనని కుర్చీ కాస్త ముందుకి జరుపుకున్నారు. తూర్పు వైపు ఒకాయన కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు. చివరగా ఆవిడ నూకరత్నం చుట్టూ తిప్పింది. ఇద్దరు కానిస్టేబుళ్ళూ మాకు కూడా అన్నట్టు తలలు వంచారు.

"ఇదిగో బాబూ, చెబుతున్నాను," అంది మంగాయమ్మ అందరినీ ఉద్దేశించి. "కాయ కొట్టాక ఇక్కడ ఎవరూ ఉండకూడదండి. ఎవరింటికి వాళ్ళు పోవాలి. వెనక్కి తిరిగి చూశారో, తీసిందంతా మళ్ళీ వాళ్ళకే తగులుకుంటుంది. ఆపైన మీ ఇష్టం. పిల్లలున్నవాళ్ళు."

కాయ ఎత్తి చదరం మధ్యన కొట్టింది.

పదిమంది న్యాయమూర్తులూ ఒక్కసారే లేచారు. గౌన్లు ఎత్తి పట్టుకుని, చెక్కలు తొక్కకుండా అడుగులు చూసుకుంటూ, అయిదుగురు తూర్పుకీ అయిదుగురు పడమటికీ నడిచారు. భానోజీరావు కలం మూత వెతుక్కుందామని వంగబోయి, మానుకుని నడిచాడు. త్రిపురాంబగారు అతనికంటే వేగంగా అవతలికి నడిచింది. స్టెనోలు నడిచారు, కానిస్టేబుళ్ళు నడిచారు. గట్ల మీది జనం కూడా ఎందుకైనా మంచిదని అటు తిరిగారు. ఒక్కరంటే ఒక్కరు వెనక్కి చూడలేదు. నలభై రెండు రోజుల్లో ఆ వంతెన మీద రెండు దేశాలూ సమితీ ఏ అభ్యంతరమూ లేకుండా కలిసి పాటించిన చట్టం ఇదే.

ఎవరూ చూడలేదు కాబట్టి ఆ తర్వాత జరిగినదానికి సాక్షులు లేరు. అప్పగింత జరగలేదు, రాజ్యాంగం నిలిచినది అని ధర్మాసనం తన నివేదికలో రాసుకుంది. ముద్దాయి మండలంలో లేదు, సమితి ఆజ్ఞ నెరవేరినది అని పరమోన్నత న్యాయస్థానం తన నివేదికలో రాసుకుంది. పరస్పర విశ్వాస సూత్రం ప్రకారం ఎవరి కాగితాన్ని ఎవరూ ప్రశ్నించలేదు.

అందరికంటే చివర నడిచినవాడు అబ్బులు. వెళుతూ వెళుతూ వ్యాను తాళాలు బానెట్ మీద పెట్టి, వెనక్కి తిరక్కుండానే, "ముందుకి చూసి తోలమ్మా," అన్నాడు.

నూకరత్నం కుర్చీలోంచి లేచింది. లేవడానికి కాస్త ఇబ్బంది పడింది, పూటకి రెండు భోజనాలు మరి. స్టీరింగు ముందు కూచుంది. మంగాయమ్మ పక్కన ఎక్కింది. వ్యాను దగ్గి, మూలిగి, కదిలింది. రెండు దేశాల నీళ్ళూ తాగిన బంతి నారు పెరిగి, మొగ్గ తొడిగి, విరగబూసి ఉంది. బండి ఊగినప్పుడల్లా పసుపు పూలు తలలూపుతున్నాయి. నిమ్మ మొక్క ఒకటి కిటికీలోంచి కొమ్మ చాచి మంగాయమ్మ చెవి గీరుతోంది.

మిగిలిన వంతెనలో సగం దాటారు. మంగాయమ్మ బిగబట్టుకుని కూచుంది. ఇక ఆగలేకపోయింది.

"వాళ్ళలో ఎవరైనా వెనక్కి తిరిగి చూస్తారేమోనే," అంది.

నూకరత్నం ముందుకే చూస్తోంది. గేరు మార్చింది. ఏమీ అనలేదు.

"మళ్ళీ కాగితం పంపుతారేమో. ముప్పై మూడో గడి గీయిస్తారేమో, గుమ్మడికాయకని."

నూకరత్నం పెదవి కదిలింది, అలవాటుగా మూసుకుంది. వంతెన అయిపోయింది. తూర్పుగట్టు మట్టిరోడ్డు మీద బండి ఎగిరి పడింది. చెక్‌పోస్టు దాటింది. మేకల మంద అడ్డొస్తే ఆగి, అది పోయాక మళ్ళీ కదిలింది. మంగాయమ్మ కూతురి మొహంలోకి చూసింది. జీవితంలో పడ్డ భయాలన్నిటికంటే పెద్ద భయం అప్పుడు పట్టుకుంది ఆవిడని. నలభై రెండు రోజులు కట్టేసిన నోరు. ఇక తిరిగి రాదేమో. చేతులారా తనే ఆ కాయ కొట్టి పిల్లని మూగదాన్ని చేసుకుందేమో.

"ఒసే నూకరత్నం," అంది. "నీ మాట పోయిందేంటే?"

తాటితోపు దాటారు. ఇటుకబట్టీ దాటారు. తమ నర్సరీ కంచె దూరంగా కనిపించింది. నూకరత్నం బండి నెమ్మది చేసి, గొంతు సవరించుకుని, ఒకసారి దగ్గి, తల్లి వైపు తిరక్కుండా ముందుకే చూస్తూ అంది.

"ఏం కాదమ్మా."